చెనిక్కాయలు ఒలిచే వేళ

తిరుపతిలో సైకాలజీ పాఠం చెబుతానని తెలియగానే చాలామంది ‘అయితే నా మనసులో ఏముందో చెప్పండి సార్’ అంటారు. అది నాకు చేతకాని విద్య. మనసులో ఉన్నది దానంతటది ఎప్పుడు బయటికొస్తుందా అని కాచుకుని ఉండడమే నా ఉద్యోగం. సొంత బతుకు తాలూకు జ్ఞాపకాలు, వాటిలోనూ ఎవరూ పిలవకుండా వచ్చిపడేవి, నా పరిశోధన విషయం.

ఇలాంటి జ్ఞాపకాలున్నాయని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే రాశాడు. రాసి, పక్కన పెట్టాడు. పిలిస్తే పలికేవాటినే ప్రయోగశాలలో కొలవగలం గనక, అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి ఎంతసేపట్లో ఎంత మరిచిపోతామో లెక్క తీశాడు. తర్వాత నూరేళ్లు మా శాస్త్రం దాదాపు అదే బాట పట్టింది. పిలవని జ్ఞాపకాన్ని పట్టుకోవడానికి పద్ధతి కుదిరింది 1990ల్లో. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో డోర్తె బెర్న్‌ట్‌సెన్ విద్యార్థుల చేతికి చిన్న నోటుబుక్కులిచ్చి, ఏదైనా పాత సంగతి తనంతట తాను గుర్తొస్తే అక్కడికక్కడే రాసుకోమంది. ఒక్కొక్కరు 50 జ్ఞాపకాలు రాసేదాకా ఆ పుస్తకం వెంటే ఉండాలి.

నేనూ మా పిల్లలచేత అదే చేయిస్తాను. ఫోన్లో రాస్తామంటే ఒప్పుకోను. జ్ఞాపకం రాద్దామని ఫోన్ తీస్తారు, వాట్సాప్ కనిపిస్తుంది, జ్ఞాపకం జారిపోతుంది. అందుకని జేబులో పట్టే పుస్తకం, అందులో నాలుగు గళ్లు: ఏం చేస్తున్నావు, ఏం గుర్తొచ్చింది, దేన్ని చూసి లేక విని, మనసెలా ఉంది.

చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి పుస్తకంలోంచి ఒక గళ్ల వరస: ‘ఏం చేస్తున్నాను: ఏమీ లేదు, కిటికీ సీటు. గుర్తొచ్చింది: బెల్లం గానుగ దగ్గర తాత మోదుగాకులో పోసిన పాకం. ఊదుకోకుండా నోట్లో పెట్టుకున్నా, నాలిక కాలింది. తాత చొక్కా లేకుండా ఉన్నాడు, ఎడమ భుజం మీద మసి. దేనివల్ల: పూతలపట్టు దాటాక బెల్లం వాసన. మనసు: బాగుంది.’

ఇదే అమ్మాయిని అంతకుముందు క్లాసులో నీ చిన్నతనం గురించి చెప్పమ్మా అని అడిగితే, ‘మాది వ్యవసాయ కుటుంబం సార్, సెలవులకు తాతగారింటికి పోయేవాళ్లం’ అంది. రెండూ నిజమే. మొదటిది ఒక పూట జరిగిన ఒక సంగతి, రెండోది ఏళ్ల తరబడి జరిగినవాటిని కుదించిన సారాంశం. బెర్న్‌ట్‌సెన్ డైరీల్లో తేలిందీ ఇదే. అడిగి తెప్పించుకున్నవాటికన్నా అడక్కుండా వచ్చినవి ఎక్కువగా ఫలానా రోజు, ఫలానా చోటు అన్నంత నిర్దిష్టంగా ఉంటాయి. చాలావాటికి చుట్టుపక్కల ఏదో ఒక ప్రేరణ దొరుకుతుంది. బుర్ర దేనిమీదా గట్టిగా నిలవనప్పుడే అవి ఎక్కువగా వస్తాయి. అందుకే ‘ఏమీ లేదు’ అన్న గడి కనబడితే నేను కళ్లజోడు పెట్టుకుంటాను.

ఈ ప్రేరణల సంగతి మనవాళ్లకు కొత్తేం కాదు. గౌతముడి న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో జ్ఞాపకం రావడానికి కారణాలంటూ ఇరవైకి పైగా వరసపెట్టి చెప్పారు. పోలిక, గుర్తు, అభ్యాసం, ఎడబాటు, విరోధం, సుఖం, దుఃఖం, భయం, కోరిక, ఇలా. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో స్మృతిని సంస్కారం (పాత అనుభవం లోపల వదిలిన ముద్ర) నుంచి మాత్రమే పుట్టే జ్ఞానమన్నాడు. మా ఊళ్లోనే సంస్కృత విశ్వవిద్యాలయంలో ఆ శాస్త్రం చదివే పిల్లలున్నారు. వాళ్ల పుస్తకంలోని జాబితాను మా వాళ్ల నోటుబుక్కుల్లోని మూడో గడి పక్కన పెట్టుకుని చూడమంటాను. ఏ కారణం ఎన్నిసార్లు పనిచేసిందో లెక్కపెట్టడమే మేం కొత్తగా చేరుస్తున్నది.

నోటుబుక్కు చదువుకున్నవాళ్లకు సరిపోతుంది. పల్లెల్లో ముసలివాళ్ల దగ్గర పద్ధతి మార్చాలి. 1879లో ఫ్రాన్సిస్ గాల్టన్ తనమీద తనే చేసుకున్న ప్రయోగం నుంచి వచ్చిన దారి ఒకటుంది. ఒక మాట ఇచ్చి, దానికి తగిలే సంగతి చెప్పమని, అది ఎప్పటిదో అడగడం. బండి, వాన, పండగ. చంద్రగిరి వైపు పల్లెలో ఒక అవ్వ దగ్గర ఈ మాటలన్నీ అయిపోయాయి. ‘ఏముండాది నాయినా, పుట్నాం, పెరిగినాం, పెండ్లయింది, బిడ్లయినారు’ అని ఒకే జవాబు. అది విత్తనాల కాలం. ఆమె ముందర చేటలో నీళ్లు చిలకరించిన చెనిక్కాయలున్నాయి. నేను కాగితాలు సంచిలో పెట్టి, నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. బొటనవేలితో మూతి నొక్కితే టప్‌మని విచ్చుకుంటుంది. పప్పు చీలకూడదు, చీలితే విత్తనానికి పనికిరాదు. అది రెండుసార్లు ఆమే చెప్పింది.

కాసేపటికి తనలో తను నవ్వుకుంది. ‘ఇట్నే ఒలస్తా ఉంటే మూడు గింజల కాయ దొరికింది. మా ఆడబిడ్డ దాన్ని నా జళ్లో గుచ్చింది. పెండ్లయి నెల గూడా కాలా. మా యత్త చూసి, యిత్తనాలకు జడేసినారా అనింది.’ అంతకుముందు గంటసేపు అడిగినా ఆడబిడ్డ అనే మనిషి ఉన్నట్టే చెప్పలేదు. ఇక్కడ మా పనిలో అసలు మెళకువ ఉంది: వెంటనే ‘అది ఏ సంవత్సరం అవ్వా’ అనకూడదు. అంటే మళ్లీ పుట్నాం, పెరిగినాం దగ్గరికి వచ్చేస్తుంది. ఒలుస్తూ ఉండాలి. ఏడాది లెక్క వెళ్లొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అడుగుతాను. ‘మా పెద్దోడు పుట్టకముందు’, ‘ఎన్టీవోడు గెలిచినేడు’ అని చెబుతారు. 1983 అని నేను రాసుకుంటాను.

అలా రాసుకున్నవి వయసుల వారీగా పరిస్తే, పెద్దవాళ్ల జ్ఞాపకాలు పదికీ ముప్ఫైకీ మధ్య వయసు దగ్గర గుట్టపడతాయని ప్రపంచమంతా చూసిందే. తొలిసారి జరిగేవన్నీ అప్పుడే జరుగుతాయన్నది ఒక వివరణ. నడివయసులో దేశం మారినవాళ్లకు ఆ వలస ఏళ్ల దగ్గర కూడా గుట్ట లేస్తుందని రాబర్ట్ ష్రాఫ్, డేవిడ్ రూబిన్ 1998లో చూపించారు. మా అవ్వలు దేశం మారలేదు గానీ పెళ్లితో ఊరు మారినవాళ్లు. వాళ్ల జ్ఞాపకాల్లో అత్తగారింటి తొలి ఏడాదికి దక్కే చోటు చూస్తే ఆ మాట నాకు తరచూ తడుతుంది.

ఇంత కళ్లకు కట్టినట్టు వచ్చింది కదా, అచ్చంగా జరిగిందే అయ్యుంటుందని మాత్రం మేం రాసుకోం. 1986 జనవరిలో అమెరికా చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు అల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎలా తెలిసిందో రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది చెప్పినదానికీ మొదట రాసినదానికీ పొంతన లేదు, ధీమా మాత్రం తగ్గలేదు. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్టకు గండి పడుతుందని జనం భయపడ్డ రోజుల్లో మా విద్యార్థి ఒకడు ఫోన్లో వీడియో చూశానని రాశాడు. తర్వాత అదే సంగతి కట్టమీద నిలబడి చూసినట్టు చెప్పాడు. అబద్ధమాడే పిల్లవాడు కాదు. తన కాగితం చూపిస్తే, రాత తనదేనని ఒప్పుకున్నాడు, జ్ఞాపకం తప్పని ఒప్పుకోలేదు.

మా గది తలుపు తట్టేవాళ్లలో భయపడి వచ్చేవాళ్లూ ఉంటారు. తల్లి పోయిన ఆర్నెల్లకు కూరగాయల బజారులో ఆమె గొంతు గుర్తొచ్చి నిలబడిపోయానని, ఇది జబ్బా అని ఒకాయన అడిగాడు. కాదు, అందరికీ రోజూ జరిగేదే, మీరు దాన్ని గమనించారంతే అన్నాను. ప్రమాదం చూసినవాళ్లకు అదే దృశ్యం పదేపదే వచ్చి నిద్ర పట్టనీయకపోతే సంగతి వేరు. వాళ్లను రుయా ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పొమ్మంటాను. నాది పరిశోధన, వైద్యం కాదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఏమీ మాట్లాడటం లేదని చెప్పేవాళ్లకు నా సలహా ఒక్కటే. ‘గుర్తుందా’ అని పరీక్ష పెట్టకండి. చేతికి వాళ్లకొచ్చిన పని ఇచ్చి, పక్కన కూర్చుని మీరూ చేయండి.

ఈ ఏడు చేరిన పరిశోధక విద్యార్థిని పుంగనూరు వైపు చింతపండు కొట్టే ఆడవాళ్ల దగ్గరికి వెళ్తానంటోంది. ప్రశ్నావళి ముద్దుగా టైపు చేయించుకుని సంతకానికి తెచ్చింది. చింతకాయ కొట్టి గింజ తీయడం వచ్చా అంటే రాదంది. ముందు అది నేర్చుకుని రమ్మన్నాను, సంతకం తర్వాత.