నెక్కొండ మార్కెట్టులో

కాజీపేట నుంచి బెజవాడ వెళ్ళే రైలు వరంగల్లు దాటిన కొంతసేపటికి నెక్కొండ చేరుతుంది. కోటలూ శిల్పాలూ చూడదలచినవారు వరంగల్లులోనే దిగిపోతారు. నెక్కొండలో దిగినవారు తీరికగా చూడవలసింది మార్కెట్టు.

ఈ రైలుమార్గం 1889లో బెజవాడను చేరింది. దానితో పల్లెపంటకు దూరపు గిరాకీ దొరికింది. మధ్యవర్తికి చేతినిండా పని దొరికింది. తెలంగాణా మార్కెట్లలో కరీదుదారు కొంటాడు, అడ్తిదారు అమ్మిపెడతాడు, దడవాయి తూస్తాడు, హమాలీ మోస్తాడు. అందరికీ తలా వొక పేరూ, పనీ వున్నాయి. పండించినవాడు మాత్రం బస్తా పక్కన నిలబడి చూస్తూ వుంటాడు. మనం పట్టుచీర కొనబోతే ధర అమ్మేవాడు చెబుతాడు. రైతు మిరపకాయలు అమ్మబోతే ధర కొనేవాడు చెబుతాడు!

ఇదివరకు యింతకన్నా ఘోరంగా వుండేది. నిజాం పాలనలో ‘నాగు’ అనే అప్పు వుండేది. విత్తనాలకని తెచ్చుకున్న ధాన్యాన్ని పంటనాటికి వొకటిన్నర రెట్లు చేసి కొలవాలి. 1949లో జాగీర్లు రద్దయినాయి. 1950లో కౌలుదారీ చట్టమూ, 1966లో మార్కెట్ల చట్టమూ వచ్చాయి. దొర గడీ తలుపు మూతపడింది గాని, అప్పు అవసరం మూతపడలేదు.

‘‘వూళ్ళో మహిళా సంఘాల కేంద్రాలలో సర్కారు మద్దతు ధరకు వడ్లు కొంటున్నది గదా, అడ్తి దాకా రావడం దేనికి?’’ అని వొక పెద్దాయనను అడిగాను.

‘‘సర్కారు ధర మంచిదే సారూ. గని పైసలు ఖాతాల పడేదాక ఆగాలె. నడిరాత్రి పిల్లకు జరమొస్తె ఎవలి తలుపు కొట్టాలె?’’ అన్నాడాయన.

అసలు చిక్కంతా యిక్కడే వున్నది. అడ్తిదారు వట్టి వ్యాపారి కాడు. రైతుకు ఆయనే బ్యాంకు, ఆయనే ఎరువుల కొట్టు, ఆపదకు ఆయనే చుట్టం. ఆ వుపకారానికి వెల తూకంలోనూ, తరుగులోనూ, ధరలోనూ రాబట్టుకుంటాడు. కనుక ఆయన చేసే పనులలో వొక్కటి మాత్రమే చేసే సంస్థ ఆయనకు బదులు కాలేదు.

దీనికి జవాబు కోసం జర్మనీకో డెన్మార్కుకో వెళ్ళనక్కరలేదు. హనుమకొండ జిల్లాలోనే ముల్కనూరు వున్నది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు అక్కడ సహకార సంఘం స్థాపించారు. పంటకు అప్పూ, విత్తనమూ, ఎరువూ సంఘమే యిస్తుంది. పంటనూ సంఘమే కొని, అప్పు మినహాయించుకొని మిగతా సొమ్ము చేతిలో పెడుతుంది. అంటే అడ్తిదారు పనులన్నీ వొక్క కప్పు కింద జరుగుతాయి. లాభం మాత్రం సభ్యులది. ఇక నడిరాత్రి తలుపు మాటంటారా? ఆ ప్రాంతపు స్త్రీలు పొదుపు సంఘాలు పెట్టుకొని, తమ సొమ్మును తామే అప్పులిచ్చుకున్నారు. ఆ అనుభవంతోనే 2002లో సొంత పాలడైరీ ప్రారంభించారు.

మరి ప్రతి వూరూ ముల్కనూరు ఎందుకు కాలేదు? మనదేశంలో సహకార చట్టం 1904 నాటిదే. అయితే చాలా సంఘాలకు పెట్టుబడీ, పెత్తనమూ సర్కారువే అయినాయి. పరాయి సొమ్మనుకున్న అప్పు తీర్చాలని ఎవరికి తోస్తుంది? సర్కారు జోక్యం లేకుండా సంఘాలు నడుపుకునే వీలును 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కల్పించింది. అయినా అప్పు ఎగవేసినవాడు మేనల్లుడే అయినా ‘‘కట్టవయ్యా’’ అనగల ధైర్యాన్ని ఏ చట్టమూ యివ్వలేదు. అది వూరివారు కూడగట్టుకోవలసిందే.

అడ్తిదారును తిట్టడం తేలిక. ఆయన వొక్కడూ చేసే పనిని పదిమందీ కూడి, లెక్క తప్పకుండా ఏళ్ళ తరబడి చేయడం కష్టం. ముల్కనూరు చేసి చూపింది ఆ కష్టమైన పనే. నెక్కొండ నుంచి అది ఎంతో దూరం లేదు.