ఊరు పెరిగింది.. గడప దిగింది

ఒకప్పుడు ఆ ఇంట్లోకి వెళ్ళాలంటే మూడు మెట్లెక్కాలి. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. ఇల్లు మాత్రం కట్టినచోటే ఉంది. అంగుళమైనా కుంగలేదు. పెరిగింది రోడ్డు!

జనగామ కానివ్వండి, మానుకోట కానివ్వండి, భూపాలపల్లి కానివ్వండి.. పాత వాడకట్టుల్లో తిరిగితే ఇలాంటి ఇళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. మొదట మట్టి తొవ్వ. దానిమీద మొరం. మొరం మీద కంకర, తారు. ఆ తర్వాత సీసీ. అది పగిలితే దానిమీదే ఇంకో సీసీ. పోసిన ప్రతిసారీ నాలుగంగుళాలో, ఆరంగుళాలో పైకి. చివరికి వాన పడితే మోరీలో పోవాల్సిన నీళ్ళు ముందు వాకిట్లోకి వస్తాయి, ఆ తర్వాత ముందు గదిలోకి. ఇంటాయన గడపకి అడ్డంగా రెండు వరసల ఇటుకలు పెట్టించి సిమెంటు చేయిస్తాడు. నాలుగు రోజులు పోయాక ఆ ఇటుకలకే కాలు తట్టుకుని ఇంటి పెద్దావిడ పడుతుంది. అంతలో మళ్ళీ నిధులొస్తాయి, శిలాఫలకం లేస్తుంది, దాంతోపాటే రోడ్డు ఇంకో ఆరంగుళాలు లేస్తుంది. ఇంటికీ రోడ్డుకీ పందెంలో గెలిచేది ఎప్పుడూ రోడ్డే. రోడ్డుకి బడ్జెట్ ఉంది, గడపకి లేదు.

పాత తారు పొరని గీకి తీసేసి, అంత మందమే కొత్తది వేసే యంత్రాలున్నాయి. మిల్లింగ్ అంటారు దాన్ని. సీసీ అయితే పగలగొట్టి ఎత్తిపోయాలి. ఖర్చుతో పని, రాళ్ళూ రప్పా మోసుకెళ్ళే పని. చిన్న ఊళ్ళో వాడకట్టు రోడ్డుకి అంత ఓపిక ఎవరికుంటుంది? పాతదాని మీదే పోసేస్తే సాయంత్రానికి పని అయిపోతుంది.

వీధి రూపకల్పన, పట్టణ ప్రణాళిక లాంటి మాటలు వింటే ఏదో మహానగరాల వ్యవహారం అనిపిస్తుంది. నిజానికి అది మొదలయ్యేది ఈ మెట్టు దగ్గరే.

ఈ మూడు ఊళ్ళూ ఒకేరోజు జిల్లా కేంద్రాలయ్యాయి. 2016 అక్టోబరు 11, దసరా పండుగ నాడు. అప్పటిదాకా మూడూ వరంగల్ జిల్లాలో భాగమే. భూపాలపల్లికి జయశంకర్ సార్ పేరు తోడైంది. జనగామ కథ వేరు. మొదట ప్రతిపాదించిన జిల్లాల్లో దాని పేరే లేదు. రాస్తారోకోలు, బంద్‌లు, దీక్షలు.. ఆఖరికి 31 జిల్లాల జాబితాలో చోటు దొరికింది. ఒకరకంగా రోడ్డుమీద కూర్చుని సాధించుకున్న జిల్లా అది.

జిల్లా వచ్చింది. జనగామ కొత్త కలెక్టరేట్ 2022 ఫిబ్రవరిలో, మానుకోటది 2023 జనవరిలో ప్రారంభమయ్యాయి. విశాలమైన ప్రాంగణాలు, లోపల చక్కటి రోడ్లు. ఊళ్ళో వీధులు మాత్రం అవే. 2011 లెక్కల నాటికి జనగామ జనాభా యాభై వేలు దాటింది. మిగతా రెండూ నలభై వేల పైచిలుకు. అంత జనానికే ఇరుకైన వీధుల్లోకి జిల్లా మొత్తం పనిమీద రావడం మొదలైంది.

మరో చిత్రం కూడా జరిగింది. జిల్లా అనే మాట వినబడగానే చుట్టూ చేలల్లో రాళ్ళు పాతారు. ప్లాట్లు, వెంచర్లు. ఎవరి వెంచర్ రోడ్లు వాళ్ళవి. ఒకదాని రోడ్డు వెళ్ళి పక్కదాని గోడకి కొట్టుకుని ఆగుతుంది. ఇవతలి ఇంటి నుంచి కనిపించే అవతలి ఇంటికి వెళ్ళాలంటే మెయిన్ రోడ్డుకొచ్చి తిరిగి రావాలి. 2020లో ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ ప్రకటిస్తే రాష్ట్రం మొత్తమ్మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. అంటే ఎన్ని వీధులు ఎవరూ గీత గీయకుండా పుట్టాయో అర్థం చేసుకోవచ్చు. ప్లాటుకి పైసలు కడితే క్రమబద్ధమవుతుంది. వంకర వీధి ఎన్ని పైసలు కట్టినా తిన్నగా అవదు.

సరే, పెద్ద రోడ్ల సంగతికి వద్దాం. హైదరాబాద్-వరంగల్ దారి ఒకప్పుడు 202వ నంబరు జాతీయ రహదారి. తర్వాత 163 అయింది. యాదగిరిగుట్ట వైపు నుంచి వరంగల్ దాకా సుమారు 99 కిలోమీటర్లు నాలుగు వరసలు చేశారు. అందులో భాగంగానే జనగామకి బైపాస్ వచ్చింది. సూర్యాపేట నుంచి జనగామ మీదుగా సిద్దిపేట, సిరిసిల్ల వెళ్ళే దారి కూడా ఇప్పుడు జాతీయ రహదారే, 365బి. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే కారు ఊళ్ళోకి రాకుండానే సర్రున సాగిపోతుంది. పాత దారి పక్కన చాయ్ హోటల్ పెట్టుకున్నవాళ్ళకి అది నష్టం. ఊరికి నిజానికి అదో వరం. పరాయి బండ్లు తప్పుకున్నాయి కాబట్టి, పాత హైవేని ఊరి వీధిగా మార్చుకోవచ్చు. చెట్లు, కాలిబాట, దాటే చోటు.. అన్నిటికీ జాగ దొరుకుతుంది. అలా మార్చుకోకపోతే హైవే పోయినా హైవే వేగం ఊళ్ళోనే ఉండిపోతుంది.

పల్లె నుంచి ఓ అవ్వ పింఛను పనిమీద వచ్చిందనుకోండి. చేతిలో సంచి, సంచిలో కాగితాలు. బస్సు దిగింది. చౌరస్తా దాటాలి. మధ్యలో డివైడర్ ఎత్తు ఆవిడ మోకాలి దాకా ఉంది. దాటే చోటు ఎక్కడో ఆవిడకి తెలియదు. చారలు వేసినా ఎప్పుడో చెరిగిపోయాయి. కాలిబాట మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పుట్టినరోజు ఫ్లెక్సీ, ఆ పక్కన బైకులు. దిగి రోడ్డు మీదే నడవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. దాదాపు అయిదుగురిలో ఒకరు. వాళ్ళు బండి నడపలేదు, హెల్మెట్ మరిచిపోలేదు, తాగి డ్రైవింగ్ చేయలేదు. నడిచారంతే.

అలాగని రాసిపెట్టిన నియమాలు లేవా అంటే, ఉన్నాయి. దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే భారత రోడ్ల కాంగ్రెస్ 1934 నాటిది. పాదచారుల కోసం అది 2012లో సవరించిన నియమావళి ప్రకారం కాలిబాట మీద ఏ అడ్డూ లేని జాగ కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి. అంటే ఆరడుగులు. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోవడానికి ఆ కొలత. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఎత్తు ఎక్కువైతే వృద్ధులు ఎక్కలేరు, దిగలేరు. ఆఖరికి స్పీడ్ బ్రేకర్‌కీ ఓ లెక్కుంది. 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మన వీధుల్లో కనిపించే, నడుములు విరగ్గొట్టే సిమెంటు గట్లు ఏ పుస్తకంలోనూ లేవు! అడ్డంకుల్లేని కాలిబాట జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇన్ని నియమాలుండగా ఊళ్ళో జనానికి కనిపించే నియమం ఒక్కటే.. గోడమీద ఎర్ర రంగు గీత.

రోడ్డు విస్తరణ అని ఓ రోజు టేపులు పట్టుకుని వస్తారు. నడిరోడ్డు నుంచి కొలిచి గోడమీద గుర్తు వేసి వెళతారు. ఆ గుర్తు ఒక్కోసారి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు అలాగే ఉంటుంది. ఆ గీతకి ఇవతల ఏమీ కట్టలేరు, రిపేరు చేయించలేరు, అమ్ముదామంటే కొనేవాడు గీత చూసి వెనక్కి పోతాడు. పెద్ద జాగ ఉన్నవాళ్ళకి పర్వాలేదు. 2012లో వచ్చిన భవన నిబంధనలు, జీవో 168 ప్రకారం రోడ్డుకి ఉచితంగా జాగ వదిలితే సెట్‌బ్యాక్‌లో సడలింపు అడగొచ్చు, అభివృద్ధి హక్కుల బదిలీ కాగితం తీసుకోవచ్చు. మరి పన్నెండడుగుల లోతున్న కిరాణా కొట్టు సంగతి? అందులో ఎనిమిదడుగులు పోతే మిగిలిన నాలుగడుగుల మీద ఎన్ని అంతస్తుల సడలింపు ఇచ్చి ఏం లాభం? కౌంటర్ పడితే మనిషి పట్టడు. అద్దెకున్నవాడికైతే ఆ కాగితం కూడా రాదు. ముప్పై ఏళ్ళుగా బట్టలు కుట్టుకుంటున్న చోటు పోతుంది, అంతే. ఓనరుకి దక్కేది కాగితం. అద్దెకున్నాయనకి గీత.

అలా ఇంత పోగొట్టి వెడల్పు చేసిన రోడ్డులో కాలిబాటకి ఎంత ఇస్తున్నారు? అసలు అడగాల్సిన ప్రశ్న ఇది. జాగ ఇచ్చింది నడిచేవాళ్ళు, తీసుకుంటోంది బండ్లు. చెన్నైలో రద్దీకి పేరుపడ్డ పాండీబజార్ వీధిలో 2019లో దీన్ని తిరగేశారు. కార్ల జాగ తగ్గించి కాలిబాటలు వెడల్పు చేశారు. బజారంటే ఆగి, చూసి, బేరమాడే చోటు కదా. డెబ్భై కిలోమీటర్ల వేగంతో పోయేవాడు టమాటాలు కొనడు. బండిమీద కూరగాయలు అమ్మేవాళ్ళకీ 2014 నుంచి చట్టం ఉంది. పట్టణ వీధి వ్యాపారుల కమిటీలో నూటికి 40 మంది వాళ్ళ ప్రతినిధులే ఉండాలి. రోడ్డు ప్లాను గీసే ముందు ఆ కమిటీ కూర్చుంటే కాలిబాట మీద నడిచేవాళ్ళకీ, అమ్మేవాళ్ళకీ గొడవ సగం తగ్గుతుంది.

మానుకోటది ఇంకో చిక్కు. నిజాం కాలంలో రైలు మార్గం 1886లో వరంగల్ దాకా, 1889 నాటికి బెజవాడ దాకా వచ్చింది. ఆ పట్టాల పక్కన పెరిగిన ఊరు ఇది. పట్టాలకి ఇటు కొంత, అటు కొంత. నూట ముప్పై ఏళ్ళ కిందట ఊరికి ప్రాణం పోసిన దారే ఇప్పుడు ఊరిని రెండు చేసింది. నకిరేకల్ నుంచి వచ్చే 365, హైదరాబాద్ శివారు నుంచి తొర్రూరు మీదుగా కొత్తగూడెం వెళ్ళే 930పి.. రెండు జాతీయ రహదారులు ఈ ఊరి గుండానే. నంబర్లు వచ్చాయి కాబట్టి రోడ్లు బాగుపడతాయి. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు నీటి దారి సంగతి చూడకపోతే ఏమవుతుందో ఈ జిల్లాకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె-కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. అదేరోజు మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు రహదారి వంతెన మీదుగా పారి ప్రాణాలు తీసింది.

భూపాలపల్లిది బొగ్గుతో పెరిగిన ఊరు. రైలు లేదు. అన్నీ రోడ్డు మీదే. సింగరేణి గనులు, చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, గోదావరి నుంచి ఇసుక లారీలు. పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం, అక్కడినుంచి గోదావరి దాటి సిరొంచ వెళ్ళే 353సి ఊరి మధ్య నుంచే పోతుంది. బడి వదిలే వేళా, లారీలు బారులు తీరే వేళా ఒక్కటే. ఇదే ఊళ్ళో సింగరేణి క్వార్టర్ల వైపు వెళితే తీరు వేరు. అక్కడ ముందు వీధి గీశారు, తర్వాత ఇళ్ళు కట్టారు. మెయిన్ రోడ్డు మీద ముందు ఇళ్ళొచ్చాయి. భూపాలపల్లి 2012 దాకా గ్రామ పంచాయతీయే మరి.

ఆ దారిలోనే మోరంచపల్లి ఉంది. 2023 జులై 27న తెల్లారేసరికి మోరంచ వాగు ఊరినంతా ముంచేసింది. జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. ఆ ఒక్క రోజులో పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంత వానకి ఏ మోరీ ఆగుతుందని అనొచ్చు. నిజమే. అయినా రోడ్డు కట్ట కింద తూములు ఎన్ని, ఎంత వెడల్పు అన్నది వాన పడకముందే తేల్చుకోవాల్సిన లెక్క.

ఇప్పుడు నాగ్‌పుర్-విజయవాడ కారిడార్ వస్తోంది. మంచిర్యాల-వరంగల్ మధ్య 108 కిలోమీటర్ల భాగానికి 2023 జులైలో, వరంగల్-ఖమ్మం భాగానికి అదే ఏడాది అక్టోబరులో శంకుస్థాపనలు జరిగాయి. పొలాల మధ్య నుంచి కొత్తగా వేసే దారి. ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ ఉండదు. చేను ఇటు, బావి అటు పడ్డ రైతుకి కింద నుంచి ట్రాక్టరు పట్టేంత దారి ఉందా లేదా అన్నదే ఆ మొత్తం కారిడార్‌లో పట్టింపు.

గడప సంగతికొస్తే.. దానికి కారిడార్లంత డబ్బు అవసరం లేదు. వాడకట్టులో సీసీ పని మొదలయ్యే పొద్దున నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం చాలు. ఏ మేస్త్రీ దగ్గరైనా ఉంటుంది. ఒక కొస ఇంటి గడప దగ్గర, రెండో కొస రోడ్డు మీద పట్టుకుంటే కొత్త సీసీ ఎక్కడిదాకా వస్తుందో నీటి మట్టమే చెబుతుంది. గడప కంటే పైకి వచ్చేలా ఉంటే పాత పొర తీయించమని అప్పుడే అడగాలి. మిక్సర్ తిరగడం మొదలయ్యాక అడిగితే, ఇంకా ఆరంగుళాలే కదమ్మా అంటారు.