ఇగంలో తుకం

సిద్దిపేట జిల్లా కుకునూరుపల్లి చుట్టుపక్కల యాసంగి వరి తుకాలు (నారుమళ్లు) పోసే రోజులూ ఇగం ముదిరే రోజులూ ఒకటే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి, ఒక్కోసారి అంతకంటే కిందికీ దిగుతుంది. రాజీవ్ రహదారి మీదున్న ఈ ఊరు 2022లో కొత్త మండలమైంది. హోదా మారినా చలి మాత్రం పాతదే. మొలిచిన నారు ఎదగక పసుపు తిరుగుతుంది. పెరట్లో టమాటా ఆకు అడుగున ఊదారంగు కమ్ముతుంది.

ఆ రంగు చూడగానే చేయి యూరియా సంచి మీదికి పోతుంది. పొరపాటంతా అక్కడే. మట్టిలో తిండి ఉన్నా మొక్క తినలేకపోతోంది. నేల చల్లబడితే వేళ్లు మందగిస్తాయి, భాస్వరం పైకి ఎక్కదు. టమాటా ఆకు ఊదారంగు చాలాసార్లు ఆ కొరతకే గుర్తు. ఇక యూరియా ఎక్కువైతే నీరుపట్టిన లేత చిగుళ్లు వస్తాయి. ఇగానికి ముందుగా మాడేవి అవే.

అందుకే చలి ఉన్నచోట తుకం మడికి దుక్కిలోనే భాస్వరం రెట్టింపు వేయమంటారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. నారు పాలిపోతే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి. కానీ ఎరువుకంటే ముందు వెచ్చదనం కావాలి. సాయంత్రం మడి మీద కర్రల ఊతంతో పాలిథిన్ షీటు కప్పి, పొద్దున ఎండ రాగానే తీసేయాలి. రాత్రంతా మడిలో చల్లబడ్డ నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెట్టాలి. చలికాలం పొద్దున బోరు కింద తానం చేసినవాళ్లకు ఆ నీటి వెచ్చదనం గురించి చెప్పనక్కర్లేదు.

కుండీల మొక్కలకు ఇప్పుడు సముద్రపు నాచు ద్రావణం, హ్యూమిక్ యాసిడ్ సీసాలు దొరుకుతున్నాయి. ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను కేంద్రం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. నాచు ద్రావణం మొక్కకు చలిని తట్టుకునే బలం ఇస్తుంది, అయితే చలి ముదరకముందే, లేబుల్ మీది మోతాదులోనే వాడాలి. నల్లబడ్డ ఆకును ఏ సీసా బతికించలేదు. కుండీని రాత్రి గోడవారకు జరపడం, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరవడం పైసా ఖర్చు లేని పనులు. వాటిని వదిలేసి సీసా కొంటే డబ్బు దండగే.

మల్లెచెట్టుకైతే ఏ మందూ అక్కర్లేదు. చలికాలం దానికి విశ్రాంతి. అప్పుడు పూయలేదని బలవంతంగా ఎరువులు పోయకండి.

ఏ మందు కొనేముందైనా పాలిపోయిన కొమ్మ ఒకటి కోసి, తెలిసినవాళ్లకు చూపించండి. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఇదే జిల్లాలో, హైదరాబాద్ పోయే దారిలోని ములుగులోనే ఉంది.