శాంపిల్ పలక, లండన్ క్లాజు

మార్కాపురం రోడ్ స్టేషన్‌లో రైలు దిగి పలకల ఫ్యాక్టరీకి చేరేసరికి పొద్దుటి పని ఊపులో ఉంది. షెడ్డు కింద ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని, దిమ్మ అంచుకు సన్నటి ఉలి ఆనించి, ఒకే గీత వెంట సుత్తితో తడుతున్నాడు. ఉలి చివరిదాకా వెళ్లేసరికి దిమ్మ పుస్తకం తెరిచినట్టు రెండుగా విచ్చుకుంది. పొరలు పొరలుగా చీలడమే ఈ రాయి గుణం. ఆ గుణంతోనే ఎన్నో తరాల పిల్లలకు ఇక్కణ్ణుంచి రాత పలకలు వెళ్లాయి. ఇప్పుడదే రాయి గోడలకూ నేలకూ పరిచే బిళ్లలై ఓడలెక్కుతోంది.

నేను లా కాలేజీలో వర్తక చట్టం చెబుతాను. 1984 నుంచి వస్తున్న ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్’ లాంటి పత్రికలు చదవడం నా పనిలో భాగం. వాటిలో తరచూ కనిపించేవి చమురు, విద్యుత్తు, భారీ నిర్మాణాల తగాదాలు. ఒక్క కంటైనర్ సరుకు పంపే మనిషి ఒప్పందంలో ఏం రాసి ఉంటుందో చూద్దామని ఈ ఊరొచ్చాను.

యజమాని ఫైలు తీసి నా ముందు పెట్టాడు. చివరి పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: తగాదా వస్తే లండన్‌లో ఆర్బిట్రేషన్, వర్తించేది ఇంగ్లండ్ చట్టం.

“ఇది చదివే సంతకం పెట్టారా?” అని అడిగాను.

“రేటు, సైజు, బ్యాంకు ఎల్సీ తేదీ చూసుకుంటాం సార్. అడుగున ఉండేది అన్నిట్లోనూ ఉండేదే కదా అని వదిలేస్తాం.”

ఆ నిర్లక్ష్యం ఖరీదు ఆయనకు తర్వాత తెలిసింది. సరుకు చేరాక కొన్నవాళ్లు రంగు తేడా ఉందన్నారు, బిల్లులో కోత పెట్టారు. లండన్‌లో కేసు నడపాలంటే వకీళ్ల ఫీజులకే కంటైనర్ సొమ్ము చాలదు. నోరు మూసుకుని నష్టం భరించాడు. హక్కు ఉంది, దాన్ని వాడుకునే దారి లేదు. ఇలాంటి చిన్న తగాదాలు తీర్పు దాకా వెళ్లవు. తీర్పు లేనిదాని మీద వ్యాసమూ రాదు.

బీరువాలోంచి ఆయన ఒక బిళ్ల తెచ్చి చూపించాడు. ఒకే పలకను రెండుగా కోసి, వెనక మార్కరుతో ఆర్డర్ నంబరు, తేదీ, సంతకం. ఒక ముక్క కొనేవాళ్ల దగ్గర, రెండోది ఇక్కడ. ఆ దెబ్బ తర్వాత మొదలుపెట్టిన పద్ధతి ఇది. చెంబుతో నీళ్లు పోశాడు. బూడిద రంగు కాస్తా నల్లగా నిగనిగలాడింది. “ఫొటోలు తడి మీద తీసి పంపాం సార్. వాళ్లు పెట్టెలు విప్పింది పొడి మీద.”

మన 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 17వ సెక్షన్ ఈ బిళ్ల గురించే చెబుతుంది: శాంపిల్ చూపి అమ్మితే, పంపిన సరుకు నాణ్యతలో ఆ శాంపిల్‌కు సరిపోవాలి. అంతర్జాతీయ సరుకుల అమ్మకాలపై 1980 నాటి వియన్నా ఒప్పందం కూడా ఇదే మాట చెప్పి, లోపాన్ని సహేతుకమైన వ్యవధిలో తెలపకపోతే కొన్నవాడి హక్కు పోతుందని చేర్చింది. అమెరికా, చైనా, జర్మనీ, ఆస్ట్రేలియా అందులో చేరాయి. ఇండియా చేరలేదు, బ్రిటన్ కూడా చేరలేదు. మనం చేరాలన్నదే నా అభిప్రాయం. దేశానికో చట్టం వెతుక్కునే స్తోమత పెద్ద కంపెనీలకు ఉంటుంది, మార్కాపురానికి లేదు.

షెడ్డు బయట ఆడవాళ్లు ముక్కులకు చీర కొంగులు కట్టుకుని బిళ్లలు పేరుస్తున్నారు. ఈ రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ప్యాకింగ్ చెక్కపెట్టెలో పురుగు లేకుండా వేడి పెట్టి ముద్ర వేయాలని ఒప్పందంలో షరతు ఉంది. ఈ ఊపిరితిత్తుల గురించి ఆ కాగితాల్లో ఒక్క మాట లేదు. నేను చదివిన క్లాజులన్నిటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ లేని క్లాజే.

మధ్యాహ్నం కూర్చుని కొత్త క్లాజు రాశాం. వేదిక హైదరాబాద్. అక్కడి అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని 2021 డిసెంబరు 18న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించారు. ఒకే ఆర్బిట్రేటర్. విచారణ కాగితాల మీదే, తప్పనిసరైతే వీడియోలో. రంగు చూడాల్సింది పొడి బిళ్ల మీద, ఇరువైపులా దాచిన శాంపిల్‌తో పోల్చి. పెట్టెలు విప్పిన ఇన్ని రోజుల్లోగా ఫిర్యాదు చేయాలని రాసి, అంకె వేయాల్సిన చోటు ఖాళీగా ఉంచాం. అది బేరంలో తేలాలి.

“ఒంగోలు కోర్టుకెళితే చాలదా సార్?”

కోర్టు డిక్రీని చాలా దేశాల్లో అంత తేలిగ్గా అమలు చేయించలేం. ఆర్బిట్రేషన్ తీర్పు (అవార్డు) అమలుకు 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం అండగా ఉంది. ఇండియా దాన్ని 1960లో ఆమోదించింది, నేడు 170కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

“హైదరాబాద్ అంటే వాళ్లు ఒప్పుకుంటారా?” అన్నాడు.

పెద్ద కొనుగోలుదారు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఊరి పేరు వదులుకోమన్నాను. ఒకే ఆర్బిట్రేటర్, కాగితాల మీద విచారణ, పొడి శాంపిల్, ఈ మూడూ మాత్రం వదలొద్దన్నాను. ఖర్చు తగ్గించేవి అవే. ఆయన ఆ మూడింటి కిందా ఎర్ర పెన్నుతో గీత గీసుకుని, రాబోయే ఆర్డర్ ఫైల్లో కాగితం పెట్టుకున్నాడు.