ఈ సెలవుల్లో ఇంట్లో చూసిన సినిమాలు, ఇంట్లో వాళ్లు అన్న మాటలు



మేం హన్మకొండలో ఒకే గదిలో ఉండి చదువుకుంటున్న ఐదుగురం. ఇద్దరిది తాడ్వాయి వైపు కోయ గూడెం, ఇద్దరిది మహబూబాబాద్ దగ్గర తండా, ఒకరిది వరంగల్ టౌన్‌లోనే ఉన్న ఎరుకల కుటుంబం. సెలవులకు పోయే ముందు ఒక మాట అనుకున్నాం. మన గురించి, అడవి గురించి వచ్చిన సినిమాలు ఈసారి ఫోన్లో ఒక్కళ్లమే చూడకుండా, ఇంట్లో పెద్దోళ్లను కూర్చోబెట్టుకొని చూద్దాం, వాళ్లు ఏమంటారో గుర్తు పెట్టుకొని వద్దాం అని. థియేటర్లో అయితే ఈలలు, కేకల్లో అన్నీ కొట్టుకుపోతాయి. ఇంట్లో అలా కాదు. నాయినమ్మ మధ్యలో ఆపమంటది, తాత ప్రశ్న అడుగుతడు, అమ్మ నచ్చకపోతే లేచి పోతది. తిరిగి వచ్చాక నాలుగైదు రాత్రులు దీని గురించే మాట్లాడుకున్నాం. అన్నిట్లో ఒక్క మాట మీదికి రాలేదు. అయినా మీతో పంచుకోవాలనిపించింది.

మొదట ఆర్ఆర్ఆర్. 2022లో వచ్చినప్పుడే అందరం చూసినం, కానీ గూడెంలో తాతతో కలిసి చూడటం వేరు. ఎన్టీఆర్ పులితో కొట్లాడుతుంటే తాత బాగానే చూశాడు. సగం అయ్యాక అడిగిన ప్రశ్న ఒకటే: "భీముడు కొట్లాడింది నిజాంతోని గదా, నిజాం ఏడి?"

దానికి మా దగ్గర జవాబు ఉంది. ఇది కల్పిత కథ అని సినిమా వాళ్లే ముందు చెప్పారు. ఇద్దరు వీరులు కలిసి ఉంటే ఎలా ఉండేదో అన్న ఊహ. ఊహకు మేం అడ్డు చెప్పం. కానీ భీం పోరాటం బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల 12 గూడేల భూమి కోసం, పశువుల మేత కోసం, నిజాం సర్కారు అటవీ అధికారుల మీద జరిగిన పోరాటం. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు ప్రాణం ఇచ్చాడు. సినిమాలో ఆ పోరాటం, ఎత్తుకుపోయిన ఒక పిల్లను ఢిల్లీ నుంచి తెచ్చుకోవడంగా మారింది. భూమి మాట చివర్లో జెండా మీద మూడు పదాలుగా మాత్రమే కనిపిస్తది.

మాలో ఎక్కువ వాదన నడిచింది ఆ చివరి సీన్ మీదే. నీకు ఏం కావాలి అని రాజు అడిగితే భీం చదువు కావాలంటాడు. ఒకరన్నారు, "దేశమంతా చూసే సినిమాలో గోండు వీరుడు చదువు అడగడం మంచిదే కదా" అని. ఇంకొకరికి అది గుచ్చుకుంది. చదువు ఎవరో దానం ఇస్తేనే మనకు వచ్చినట్టు ఎందుకు చూపాలి? భీం ఊరు విడిచి తిరిగిన రోజుల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడని మన పెద్దలు చెప్తారు. ఆయన చనిపోయాక నిజాం సర్కారు ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపక తప్పలేదు. 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. అంటే ఆ బడి వెనక భీం రక్తం ఉంది. సినిమాలో గురువు రాజు, శిష్యుడు భీం. చరిత్రలో చూస్తే ఆ బడి పోరాటం తెచ్చిన బడి.

అల్లూరి వైపు కూడా ఇదే లెక్క. 1922లో మొదలైన మన్యం తిరుగుబాటు అనగానే ఒక్క పేరే గుర్తొస్తది. 1974లో కృష్ణ సినిమా వచ్చినప్పటి నుంచి ఆ రూపం ఇళ్లల్లో పటమై ఉంది. పక్కన నిలబడి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ముల పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మల్లుదొర జైలు నుంచి బతికి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఆ ఒక్క జీవితమే ఒక సినిమా. ఇప్పటిదాకా పెద్ద తెర మీద అది మాకు కనపడలేదు.

రెండోది జై భీమ్. 2021 నవంబర్‌లో ప్రైమ్‌లో వచ్చింది, తెలుగులోనూ ఉంది. దీన్ని మా ఎరుకల తమ్ముడి ఇంట్లో చూశారు. మొదటి సీన్ గుర్తుంది కదా. జైలు నుంచి బయటికి వచ్చేవాళ్లను ఏ కులం అని అడిగి, కొందరిని ఇంటికి పంపి, మిగతావాళ్లను మళ్లీ కొత్త కేసుల కోసం పక్కన నిలబెడతారు. ఆ సీన్ దగ్గరే వాళ్లమ్మ లేచి గిన్నెలు కడగడానికి పోయింది. స్టేషన్‌లో కొట్టే సీన్లు అయ్యేదాకా లోపలికి రాలేదు. తర్వాత ఒకటే అన్నది: "మీ తాతను గూడ గిట్లనే పిలిచేటోళ్లు బిడ్డా. యాడ దొంగతనమైనా ముందు మన ఇంటికే వచ్చేటోళ్లు." ఆ మాట మావాడికి అప్పటిదాకా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఆ సినిమా నిజంగా జరిగిన కేసు మీద తీసింది. 1993లో తమిళనాడులో రాజాకన్ను అనే మనిషి పోలీసుల చేతిలో చనిపోయాడు. అడ్వకేట్ చంద్రు అతని భార్య తరఫున మద్రాసు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. ఆయన తర్వాత అదే హైకోర్టుకు జడ్జి అయ్యారు. సినిమాలో ఇరుళర్లుగా చూపించారు గానీ అసలు ఆ కుటుంబం కురవ వాళ్లది. తమిళనాడులో కురవలు, మన దగ్గర ఎరుకలవాళ్లు దగ్గరి చుట్టాల్లాంటి వాళ్లు. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం ఈ కులాల మీద పుట్టుకతోనే దొంగ అనే ముద్ర వేసింది. చట్టం 1952లో పోయింది. చూసే చూపు మాత్రం పోలేదు.

అదే ఇంట్లో మర్నాడు టైగర్ నాగేశ్వరరావు పెట్టారు. 2023 దసరాకు వచ్చిన రవితేజ సినిమా, స్టూవర్టుపురం కథ. స్టూవర్టుపురం అంటేనే ఆ చట్టం కింద ఎరుకలవాళ్లను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్. ఆ జనం పడ్డ బాధ గురించి కూడా సినిమా చెప్తుంది, అది లేదనం. కానీ బయటికి వచ్చాక గుర్తుండేది రైలు మీద దొంగతనం, హీరో నడక. మా తమ్ముడి మాట ఇక్కడ ఉన్నదున్నట్టు పెడుతున్నాం: "జై భీమ్ చూసినోడు పోలీసుని ప్రశ్న అడుగుతడు. ఇది చూసినోడు రేపు నన్ను చూసి, మీది స్టూవర్టుపురమా అని నవ్వుతడు."

జై భీమ్ మీద కూడా మాలో ఒక అభ్యంతరం వచ్చింది. ఇక్కడా కాపాడేది బయటి నుంచి వచ్చిన హీరోనే కదా అని. దానికి లా చదవాలనుకుంటున్న చెల్లె ఒప్పుకోలేదు. రాజీకి డబ్బు ఇస్తామంటే సినతల్లి వద్దంటది, కేసు నిలబడింది ఆ మాట మీదనే అన్నది. చివర్లో చిన్నపిల్ల లాయర్ సార్ ఎదురుగా కాలు మీద కాలేసుకొని పేపర్ చదివే సీన్‌ను ఇంట్లో మూడుసార్లు వెనక్కి పెట్టి చూసిందంట.

మూడోది కాంతార. కన్నడ సినిమా, 2022 అక్టోబర్‌లో తెలుగులో వచ్చింది. ఇది కోయ గూడెంలో బాగా నడిచింది. ఎందుకంటే కథలో ఉన్న గొడవ మనది. అడవి అధికారి వచ్చి గీత గీస్తాడు, గీత అవతల సాగు చేస్తే నేరం అంటాడు. మన దగ్గర పోడు గొడవ ఇదే కదా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకు హక్కు రావాలి. 2023 జూన్‌లో పట్టాలు పంచారు, కొందరికి వచ్చాయి. రానివాళ్లు ప్రతి వానకాలం నాగలి కట్టాలంటే ఇప్పటికీ భయపడుతున్నారు. సినిమాలో నాయిక ఆ ఊరి పిల్లే, ఫారెస్ట్ ఉద్యోగి కూడా. సొంత జనానికి, డ్యూటీకి మధ్యలో నలిగిపోతది. అది చూసి మా వదిన "మన దగ్గర గూడ గిట్లాంటోళ్లు ఉన్నరు, వాళ్లను ఎవ్వరు అడగరు" అన్నది.

చివర్లో దేవుడు పూనే సీన్ వచ్చేసరికి తాత మంచం మీద నుంచి లేచి నిలబడి దండం పెట్టాడు. మేం నవ్వలేదు. తెలుగు సినిమాల్లో పూనకం అంటే చాలాసార్లు కామెడీ. మేడారంలో గద్దెల ముందు అమ్మవారు మీదికి వచ్చి ఊగే ఆడవాళ్లను చూసి పెరిగినోళ్లం మనం. అక్కడ విగ్రహం లేదు. వెదురు, కుంకుమ భరిణె, చిలకలగుట్ట నుంచి తల్లిని తెచ్చే కోయ పూజారులు, బంగారంగా ఇచ్చే బెల్లం, ఇవే ఉన్నాయి. ఆ నమ్మకాన్ని వెక్కిరించకుండా చూపొచ్చని కాంతార నిరూపించింది. అయితే మా అక్కచెల్లెళ్ల మాట కూడా రాయాలి. హీరో ఆ అమ్మాయి నడుము గిల్లే సీన్ వాళ్లకు అస్సలు నచ్చలేదు. ప్రేమ అనే పేరుతో అలా చూపిస్తే, సంతలో అదే చేసేటోళ్లకు ధైర్యం వస్తదన్నారు. మేం దీన్ని చిన్న విషయం అనుకోవట్లేదు.

ఇంకో రకం సినిమాలు ఉన్నాయి. మధ్యాహ్నం టీవీలో వచ్చే పాతవి. ఈకలు పెట్టుకొని వచ్చి జోస్యం చెప్పి నవ్వించే కోయదొర, అర్థం లేని అరుపులతో అగ్గి చుట్టూ ఎగిరే గుంపు. ఒకే పాటలో కోయల కొమ్ములు, గోండుల గుస్సాడి నెమలి ఈకల టోపీ, లంబాడా అద్దాల బట్ట అన్నీ కలిపేస్తారు. గుస్సాడి అంటే దీపావళి దండారిలో నియమంతో వేసే వేషం. దాన్ని జీవితమంతా నేర్పిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. తండాలో మా యాడి అద్దాల బట్టను చూపించి, "గిది కుట్టాలంటే నెలలు పడ్తది, వాళ్లు డ్యాన్స్‌కు ఏసుకొని పారేస్తరు" అన్నది.

బయట మన సంఘాల మధ్య 2017 నుంచి నడుస్తున్న రిజర్వేషన్ గొడవ మా గదిలో లేదని అబద్ధం చెప్పం. ఉంది. కొన్నిసార్లు అన్నం దగ్గర మాటలు ఆగిపోయాయి కూడా. కానీ ఆ పాట చూసినప్పుడు ఐదుగురికీ ఒకేలా కోపం వచ్చింది. తెర మీద మన తేడాలు చెరిపేస్తే ఎవరికీ మేలు జరగదు. ఎవరి పేరు వాళ్లకు, ఎవరి దేవత వాళ్లకు ఉండాలని అందరం ఒప్పుకున్నాం.

చివరగా బలగం. ఇది మన గురించి కాదు. అయినా తండాలో అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. 2023లో వేణు యెల్దండి తీసినప్పుడు ఊళ్లల్లో తెరలు కట్టి జనం కలిసి చూసిన సంగతి మీకు తెలుసు. ఎందుకు అంతగా తాకింది? మనుషులు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు. సినిమా అయిపోయాక ఏడో తరగతి తమ్ముడు "మన గోర్ బోలీల గిట్లాంటిది ఎప్పుడొస్తది?" అన్నాడు.

మేం ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాం. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో గిరిజన భాషలంటే సంతాలి, బోడో రెండే ఉన్నాయి, అవీ 2003లోనే చేరాయి. గోండి, కోయ, గోర్ బోలీ లేవు. బడిలో, ఆఫీసులో, సినిమాలో కనపడేది చాలా తక్కువ. ఉన్నది యూట్యూబ్‌లో. లంబాడీ పాటలు మన పిల్లలే రాసి, తీసి పెడుతున్నారు, పెళ్లిళ్లల్లో అవే మోగుతున్నాయి. అంటే తీయగల చేతులు మన దగ్గర ఉన్నాయి. 2023లో ఆస్కార్ వచ్చిన ది ఎలిఫెంట్ విస్పరర్స్ సుమారు 40 నిమిషాల సినిమా. ముదుమలైలో ఏనుగు పిల్లలను పెంచిన కట్టునాయకన్ దంపతులు బొమ్మన్, బెల్లీల రోజువారీ బతుకు. అందులో ఫైట్ లేదు. ఓపికగా పక్కన కూర్చొని చూడటమే ఉంది.

మణుగూరు దగ్గర కూనవరంలో డోలీ కొడుతూ సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అదే ఏడాది కనకరాజు గారూ పోయారు. అలాంటి మనిషి పోతే ఆ కథ పాడగలిగే గొంతులు ఇంకా తగ్గుతాయి. ఏ డైరెక్టరో వచ్చి తీస్తాడని కూర్చుంటే అప్పటికి చెప్పేవాళ్లు ఉండరు.

అందుకే మేం ఒక నిర్ణయానికి వచ్చాం. వచ్చే సెలవుల్లో సినిమా చూడటంతో పాటు, ఐదుగురం మా ఇళ్లల్లో ఒక్కో పెద్ద మనిషిని వాళ్ల భాషలోనే పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేస్తాం. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే. పేరు, ఊరు, ఏ పండుగకు పాడే పాట, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవి పక్కన రాసి పెడతాం. వెలుతురు సరిగ్గా లేకపోయినా పర్వాలేదు, గొంతు స్పష్టంగా వినపడితే చాలు. కింద తెలుగులో అర్థం రాస్తాం, ఎందుకంటే కోయ తమ్ముడికి గోర్ బోలీ రాదు, తండా చెల్లెకు కోయ రాదు.

మీరు ఈ మధ్య ఇంట్లో ఏ సినిమా చూశారు, మీ నాయినమ్మ, మీ తాత ఏమన్నారు? మాతో ఒప్పుకోకపోయినా రాయండి, ముఖ్యంగా ఆర్ఆర్ఆర్ గురించి, మా గదిలో ఆ వాదన ఇంకా తెగలేదు. రికార్డు చేయాలనుకున్నవాళ్లు మీ ఊరి పేరు, భాష పేరు చెప్తే, ఒకే మనిషి దగ్గరికి ఇద్దరం పోకుండా పంచుకుందాం.