అడ్వాన్సు లెక్క

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, అద్దెకిచ్చి చూడమనలేదు. చెన్నైలో మా మేడమీది వాటాలో మన తెలుగు కుటుంబమే నాలుగేళ్ళున్నది. మొన్న వారు ఖాళీ చేశాక చూస్తే వంటింటి కుళాయి విరిగింది, రెండు కిటికీ అద్దాలు పగిలాయి, గోడమీద వారి పాప ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు. అన్నిటికీ కలిపి అడ్వాన్సులో పట్టుకోమని మా బంధువుల సలహా.

మేము చట్టం చూశాము. తమిళనాట 2019 ఫిబ్రవరి 22 నుండి అమలులో ఉన్న అద్దె చట్టం ప్రకారం వెల్లవేయడం, నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఇంటివారి వంతు. కుళాయిలు, స్విచ్చిలు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెవారి వంతు. బాకీ పోను మిగిలిన అడ్వాన్సును ఇల్లు స్వాధీనమైన నెలలోగా తిరిగి ఇవ్వాలి.

వారు చేరిననాడే ఇరువురమూ సంతకాలు చేసిన సామాను జాబితా మా దగ్గరున్నది. దానిని ముందుంచుకొని, కుళాయికీ అద్దాలకూ అయిన 2,150 రూపాయలకు రసీదులు చూపి, అంతమాత్రమే తగ్గించాము. గీతల గోడకు వెల్ల మా ఖర్చే. ఆ ఇల్లాలు లెక్క చూసుకొని, "న్యాయంగానే ఉందండీ" అని సంతకం చేసింది.

రేపు ఉగాదికి సంఘంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన వారమే గదా! అద్దెకిచ్చే సోదరులు చేరేనాడే జాబితా వ్రాయించుకోవాలని మా మనవి.