వాలు నేల మీద పుట్టిన పాట

అమెరికాలోని మెంఫిస్ నగరం. మెక్‌లెమోర్ అవెన్యూలో 926 నంబరు భవనం ఒకప్పుడు సినిమాహాలు. 1960లో దాన్ని అద్దెకు తీసుకుంది అక్కాతమ్ముళ్లు... ఎస్టెల్ ఆక్స్‌టన్, జిమ్ స్టీవార్ట్. తమ్ముడి రికార్డింగ్ పిచ్చి కోసం ఆవిడ ఏకంగా ఇంటినే తాకట్టు పెట్టింది!

కుర్చీలు పీకేశారు. తెర వైపు వాలుగా ఉన్న నేలను మాత్రం అలాగే వదిలేశారు. చిత్రంగా ఆ వాలే కలిసొచ్చింది. పాటలకు మరెక్కడా రాని బరువు, గుండెల్లో మోగే నాదం వచ్చాయి. చర్చిలో పాడే గాస్పెల్‌కు బ్లూస్ బాధ తోడై పుట్టిన సోల్ సంగీతం డెట్రాయిట్‌లో నున్నగా ముస్తాబైతే, మెంఫిస్‌లో చెమట వాసనతో వచ్చింది. తినుబండారాలు అమ్మేచోట ఎస్టెల్ రికార్డుల కొట్టు పెట్టింది. వీధి కుర్రాళ్లు ఏ పాటకు ఊగుతున్నారో గమనించేది. సర్వేలెందుకిక!

1961లో అక్కాతమ్ముళ్ల ఇంటిపేర్ల ముక్కలు కలిసి సంస్థ పేరు 'స్టాక్స్' అయింది. తెల్లవారూ నల్లవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడమే గొడవైన రోజులవి. స్టూడియోలో మాత్రం ఇద్దరూ కలిసి వాయించారు. బయట అలా కూర్చోగలిగిన కొద్ది చోట్లలో లొరైన్ మోటెల్ ఒకటి. 'నాక్ ఆన్ వుడ్' పాట రాసింది అక్కడే.

1962లో ఓ గిటారిస్టును కారులో తెచ్చిన డ్రైవరు, చివర్లో మిగిలిన కాస్త సమయంలో పాడాడు. అతనే ఓటిస్ రెడింగ్. 1967 డిసెంబరు 10న విమానం సరస్సులో కూలి, 26 ఏళ్లకే పోయాడు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1968 ఏప్రిల్ 4న, ఆ లొరైన్ మోటెల్ బాల్కనీలోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. పాటకు పుట్టిల్లయిన చోటు శోకానికి చిరునామా అయింది. మెంఫిస్‌లో నల్లవారి, తెల్లవారి చెలిమి మునుపటిలా లేకపోయింది.

దెబ్బ మీద దెబ్బ. అట్లాంటిక్ కంపెనీతో పంపిణీ ఒప్పందం తెగాక తెలిసింది... అప్పటిదాకా ఆ కంపెనీ విడుదల చేసిన పాటల హక్కులు స్టాక్స్‌వి కావని! జిమ్ సరిగా చదవకుండా సంతకం చేశాడు మరి. మళ్లీ నిలదొక్కుకున్నా, 1975 చివర్లో దివాలా తీసింది. 1989లో భవనాన్నీ కూల్చేశారు.

అదే స్థలంలో 2003లో మ్యూజియం వెలిసింది. పాత స్టూడియోను మళ్లీ కట్టినప్పుడు నేలను వాలుగానే పెట్టారు. ఐజాక్ హేస్ బంగారు కాడిలాక్ కారు తళతళలు చూడాల్సిందే. పల్లె నుంచి విప్పి తెచ్చి నిలబెట్టిన పాత చెక్క చర్చి ముందు మాత్రం కాసేపు ఆగాలి. పాట బయల్దేరింది అక్కణ్నుంచే. పక్కనే సంగీత అకాడమీ. బడి అయ్యాక పిల్లలు బాకాలు, డ్రమ్ములు పట్టుకుని సాధనకు వస్తుంటారు.